సొంత ఖర్చుతో నవల: విడుదలకు ముందు రచయితకు ఉండే భయాలేంటి? చేసుకోవాల్సిన పనులేంటి?

1923లో ప్రేమ్‌చంద్ బనారస్‌లో సరస్వతీ ప్రెస్ పెట్టారు. అప్పటికే హిందీ, ఉర్దూ పాఠకుల్లో ఆయనకు పెద్ద పేరుంది. అయినా ప్రెస్ నష్టాల్లోనే నడిచింది. తర్వాత 'హంస్', 'జాగరణ్' పత్రికల ఖర్చు కూడా నెత్తిన పడింది. అప్పులు తీర్చడం కోసం 1934లో ఆయన బొంబాయి వెళ్లి ఓ సినిమా కంపెనీలో కథలు రాసే ఉద్యోగంలో చేరారు. మరుసటి ఏడాదే తిరిగి వచ్చేశారు.

అంత పేరున్న రచయితకే అచ్చుపని అంత భారమైతే, తొలి నవలను సొంత డబ్బుతో వేసుకునే వారి గుబులు ఎలాంటిదో ఊహించుకోవచ్చు. రాసే మనిషి, పెట్టుబడి పెట్టే మనిషి, అమ్ముకునే మనిషి ఒక్కరే కావడం వల్ల పుట్టే గుబులు అది.

అయితే ఈ భయాలన్నీ ఒక రకం కావు. కొన్నింటికి విడుదలకు ముందే విరుగుడు ఉంది. పుస్తకం అచ్చయిపోయాక మాత్రం ఉండదు. ఏది ఏ రకమో విడదీసి చూసుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

కొత్త దారేం కాదు

సొంతంగా ప్రచురించుకోవడం ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన అలవాటు కాదు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన సొంత పత్రిక 'వివేకవర్ధని'లోనే మొదలైంది. 1880లో పుస్తకంగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్ ప్రచురణకర్తలతో సంబంధాలు దెబ్బతిన్నప్పుడు ఆర్.కె.నారాయణ్ మైసూరులో ఇండియన్ థాట్ పబ్లికేషన్స్ పెట్టుకున్నారు. 'మాల్గుడి డేస్' 1943లో అక్కడి నుంచే వచ్చింది. మలయాళ రచయిత వైకం మహమ్మద్ బషీర్ తన పుస్తకాలను తానే మోసుకెళ్లి ఇంటింటికీ అమ్మారు. ఎర్నాకుళంలో పుస్తకాల దుకాణం కూడా నడిపారు. తెలుగులో రంగనాయకమ్మ తన పుస్తకాలను స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో తక్కువ ధరలకు పాఠకులకు అందిస్తూ వచ్చారు.

ఈ తరంలో ఎక్కువగా వినిపించే ఉదాహరణ అమీష్ త్రిపాఠి. ప్రచురణ సంస్థలు వరసగా తిప్పి పంపిన 'ది ఇమ్మోర్టల్స్ ఆఫ్ మెలూహా' 2010లో సొంత ప్రయత్నంతోనే బయటికి వచ్చింది. మొదటి అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా వేయించి షాపుల్లో ఉచితంగా పంచడం అప్పట్లో కొత్త ఎత్తుగడ. అశ్విన్ సాంఘీ తన తొలి నవల 'ది రోజాబల్ లైన్'ను 2007లో మారుపేరుతో సొంతంగా వేసుకున్నారు. ఈ రెండింటినీ తర్వాత వెస్ట్‌లాండ్ సంస్థ తీసుకుంది.

అలాగని ప్రచురణ సంస్థ ఉంటే బెంగే ఉండదని అనుకోనక్కర్లేదు. అదే వెస్ట్‌లాండ్‌ను మూసేస్తున్నట్లు యజమాని అమెజాన్ 2022 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు, ఆ సంస్థను నమ్ముకున్న రచయితలంతా తమ పుస్తకాలు ఏమవుతాయోనని ఆందోళన పడ్డారు.

తప్పుల భయం: అచ్చుకు ముందే తేల్చుకోవాలి

అచ్చయిన పుస్తకం తెరవగానే మొదటి పేజీలోనే అచ్చుతప్పు కనిపించడం రచయితలందరికీ వచ్చే పీడకల. తెలుగులో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. రచయితలు ఇప్పుడు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లో టైప్ చేస్తున్నారు. డీటీపీ సెంటర్లు, ప్రెస్‌లు చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లతోనే పేజీలు కడుతున్నాయి. ఒకదాని నుంచి మరోదానికి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, పొల్లు అక్షరాలు మారిపోతాయి, ఇంగ్లిష్ పదాలు పిచ్చి గీతలవుతాయి. రచయిత నెల రోజులు కూర్చుని దిద్దిన ప్రతి కూడా ఈ మార్పిడిలో పాడవుతుంది.

అందుకే అసలు ప్రూఫ్ చూడాల్సింది పేజీలు కట్టిన తర్వాతే. తెరమీద కాకుండా కాగితం మీద చూడటం మేలు. రాసినవారి కళ్లు ఉన్నదాన్ని కాకుండా తాము రాశామనుకున్నదాన్ని చదువుతాయి కాబట్టి, కథ తెలియని మరో మనిషి చదవాలి. పాత్రల పేర్లు, వరసలు, వయసులు, తేదీలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే మూడో అధ్యాయంలో మేనత్త అయిన మనిషి పదో అధ్యాయంలో పిన్ని కాకుండా ఉంటుంది.

డబ్బు భయం: ఎన్ని కాపీలు వేయాలి?

ఈ లెక్క ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. డెమ్మీ సైజులో 240 పేజీల నవల అంటే 16 పేజీల ఫారాలు 15. కాపీకి రూ.110 చొప్పున 500 కాపీలకు అచ్చు ఖర్చు రూ.55,000 అనుకుందాం. పుస్తకం ధర రూ.250. షాపులకు, పంపిణీదారులకు 40 శాతం తగ్గింపు ఇస్తే రచయిత చేతికి వచ్చేది రూ.150. అచ్చు ఖర్చు వెనక్కి రావాలంటే 367 కాపీలు అమ్ముడుపోవాలి. సమీక్షలకు, లైబ్రరీలకు, బంధుమిత్రులకు 100 కాపీలు ఉచితంగా పోతే మిగిలేవి 400. అవన్నీ షాపుల ద్వారా అమ్ముడైనా మిగులు రూ.5,000. ముఖచిత్రం, ఎడిటింగ్, సభ, పోస్టు ఖర్చులు ఈ లెక్కలో లేనే లేవు.

అదే 400లో సగం నేరుగా పాఠకులకు పూర్తి ధరకు అమ్మగలిగితే వచ్చే మొత్తం రూ.80,000. అంటే ఎన్ని కాపీలు వేస్తున్నామన్న దానితోపాటు, ఎన్ని నేరుగా అమ్మగలమన్నదీ లాభనష్టాలను తేలుస్తుంది.

ఆర్డర్ వచ్చినప్పుడే అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో పెట్టుబడి, గోడౌన్ బెంగ ఉండవు. బెంగళూరులోని పోతీ డాట్ కామ్, చెన్నైలోని నోషన్ ప్రెస్ లాంటివి ఈ సేవ అందిస్తున్నాయి. కానీ కాపీకి పడే ఖర్చు ఎక్కువ కాబట్టి ధర పెంచాల్సి వస్తుంది.

ఈ-బుక్ విషయంలో తెలుగు రచయితలు ముందే ఆరా తీయాలి. అమెజాన్ కిండిల్ 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. ఎంచుకున్న వేదిక తెలుగు ఫైల్‌ను తీసుకుంటుందో లేదో నిర్ధారించుకున్నాకే ఈ-బుక్ తేదీ ప్రకటించాలి.

అచ్చు పుస్తకాల అమ్మకంపై జీఎస్టీ లేదు. కానీ కాగితానికి, ప్రెస్ పనికి జీఎస్టీ పడుతుంది. ఆ భారం పుస్తకం ధరలోనే కలిసిపోతుంది.

కాగితాల పని: ఎవరు బాధ్యులు?

సొంతంగా వేసుకున్నప్పుడు చట్టం దృష్టిలో రచయితే ప్రచురణకర్త. కాబట్టి ఈ పనులు ఆయనో, ఆమెనో చూసుకోవాలి.

ఐఎస్‌బీఎన్: 13 అంకెల ఈ గుర్తింపు సంఖ్యను దిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పేపర్‌బ్యాక్‌కు, గట్టి అట్ట పుస్తకానికి, ఈ-బుక్‌కు వేర్వేరు నంబర్లు కావాలి. ముఖచిత్రం వెనుక బార్‌కోడ్ ఈ నంబరుతోనే తయారవుతుంది కాబట్టి ముందుగానే దరఖాస్తు చేయాలి. ఇదే పేరుతో కోల్‌కతాలో ఉన్న లైబ్రరీ ఫౌండేషన్ వేరు. అది గ్రంథాలయాలకు పుస్తకాలు సమకూర్చే సంస్థ.

కాపీరైట్: ఐఎస్‌బీఎన్ ఉంటే కాపీరైట్ వచ్చినట్లు కాదు. 1957 చట్టం ప్రకారం రచన చేసిన క్షణం నుంచే హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇతరుల వాక్యాలు: నవలలో పాటనో, కవితనో వాడుకున్నప్పుడు చిక్కు ఇక్కడే వస్తుంది. రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటాయి. 1915లో మరణించిన గురజాడ పంక్తులకు అనుమతి అక్కర్లేదు. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలపై హక్కులు 2043 చివరిదాకా ఉంటాయి. సినిమా పాట చరణాలను అధ్యాయాల ముందు వేసుకునే అలవాటు ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. ముఖచిత్రం వేసిన చిత్రకారుడితోనూ రాతపూర్వక ఒప్పందం ఉండటం మంచిది.

గ్రంథాలయ కాపీలు: 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నైలోని కన్నెమరా లైబ్రరీకి, ముంబైలోని సెంట్రల్ లైబ్రరీకి, దిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలి. పంపకపోతే జరిమానా రూ.50 దాకా, దానికి తోడు పుస్తకం విలువ. జరిమానా చిన్నదే. కానీ ఇంట్లో కాపీలన్నీ అయిపోయాక, ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ నవల కోసం వెతికితే దొరికే చోటు ఇలాంటి గ్రంథాలయమే.

డబ్బు తీసుకుని పుస్తకాలు వేసిపెట్టే సంస్థలతో చేసుకునే ఒప్పందాన్ని సంతకానికి ముందే పూర్తిగా చదవాలి. హక్కులు ఎన్నేళ్లకు రాసిస్తున్నారో ఒప్పందంలో లేకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అయితే 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాసి ఉన్నచోట సంతకం పెట్టినవారికి ఈ రక్షణ వర్తించదు.

వివాదం భయం: పేరు మార్చితే సరిపోతుందా?

'ఇందులోని పాత్రలు కల్పితాలు' అన్న ఒక్క వాక్యం కవచంలా కాపాడదు. ఊరు, ఉద్యోగం, కుటుంబం చూసి ఆ మనిషి ఎవరో చుట్టుపక్కలవాళ్లు గుర్తుపట్టగలిగితే పరువునష్టం ఫిర్యాదుకు ఆస్కారం ఉంటుంది. భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం సెక్షన్ 356 కిందికి, మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా అవమానించడం సెక్షన్ 299 కిందికి వస్తాయి.

గొడవ విడుదల రోజే రావాలని కూడా లేదు. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్' 2010లో వచ్చింది. దానిపై ఆందోళన మొదలైంది 2014 డిసెంబరులో. 2015 జనవరిలో ఆయన తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించారు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చాకే రచయితగా మళ్లీ పాఠకుల ముందుకు వచ్చారు. ఆయన వెనుక పేరున్న ప్రచురణ సంస్థ ఉంది. సొంతంగా వేసుకున్నవారికి ఆ అండ ఉండదు. అలాగని భయపడి రాసింది కొట్టేయాల్సిన పనిలేదు. నిజ జీవితం నుంచి తీసుకున్న భాగాలేవో తెలిసి ఉండటం, వాటిని అచ్చుకు ముందే ఒక న్యాయవాదికి చూపించడం జాగ్రత్త.

తేదీ ఎప్పుడు పెట్టాలి?

ఉపఖండంలో పుస్తకాల విడుదలలు ఎక్కువగా పుస్తక ప్రదర్శనల చుట్టూ తిరుగుతాయి. సాధారణంగా హైదరాబాద్‌ది డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో, కోల్‌కతాది జనవరి చివర్లో మొదలవుతాయి. ఢాకాలో ఏకుశే పుస్తక మేళాకు ఫిబ్రవరి నెల పేరు. జనం వచ్చే సమయం అదే, కొత్త పుస్తకాలు కుప్పలుగా వచ్చేదీ అప్పుడే. ప్రెస్‌లు ఊపిరాడకుండా ఉండేదీ అప్పుడే. ప్రదర్శన మొదటి రోజును విడుదల తేదీగా పెట్టుకుంటే, ప్రెస్‌లో నాలుగు రోజుల ఆలస్యం కూడా సీజన్‌ను మింగేస్తుంది. అందుకే పుస్తకాల కట్టలు ఇంటికి చేరాకే ఆహ్వానపత్రిక వేయించడం మేలు.

తెలుగునాట ఆవిష్కరణ సభ మరో ఆనవాయితీ. వేదికపై పదిమంది పెద్దలు, ఒక్కొక్కరి చేతిలో ఉచిత కాపీ, వారిలో పుస్తకం చదివి వచ్చినవారు ఒకరో ఇద్దరో. సభ నిండినంత మాత్రాన నవల చదివారని కాదు. సభకు నెల ముందే నలుగురు నిజమైన పాఠకులకు కాపీ ఇచ్చి, వారిలో ఇద్దరిని మాట్లాడమంటే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

విరుగుడు లేని భయం

తప్పులు, డబ్బు, చట్టం, తేదీ. వీటన్నింటికీ పని ఉంది. మిగిలేది ఒక్కటే. ఎవరూ ఏమీ అనకపోతే?

విమర్శ కంటే మౌనమే ఎక్కువగా కుంగదీస్తుంది. పెద్ద సంస్థ పుస్తకమైతే ఆ మౌనానికి మార్కెటింగ్ విభాగాన్ని తప్పుపట్టొచ్చు. సొంత పుస్తకానికి ఆ వెసులుబాటు ఉండదు. దీనికి ముందస్తు జాగ్రత్త లేదు. చేయగలిగింది ఒకటుంది. కథ నచ్చే అవకాశం ఉన్న యాభై మంది పేర్లు, చిరునామాలు విడుదలకు ముందే రాసుకుని, ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరమో, ఫోనో చేయడం. బషీర్ చేసిందీ దాదాపు ఇదే. అట్టపెట్టెలో ఉన్న నవలకు పాఠకులు దొరకరు. కట్ట విప్పాలి, ఒక్కో కాపీ ఒక్కో చేతికి చేర్చాలి. ఆ జాబితాలో నాలుగు గ్రంథాలయాల చిరునామాలు కూడా ఉంటే, ముప్పై రోజుల గడువు పని కూడా అదే రోజు అయిపోతుంది.