కన్ను వచ్చిన మిల్లు

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడిన పిమ్మట, ఎడమకాలువ పారిన మేర మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టచేలు మాగాణులయ్యెను. వడ్లు రాశులు పడిన చోట మిల్లులు వెలయుట సహజము గావున, మిర్యాలగూడ కొలదికాలముననే బియ్యపు మిల్లుల పట్టణమని ప్రసిద్ధి గాంచెను.

అంతకు పూర్వము బియ్యమును శుద్ధిచేయుట స్త్రీల చేతిపని. రోట దంచి, చాటతో చెరిగి, ఊకను తవుడును వేరుచేసిన మీదట, మెరిగలను, రాళ్లను, నల్లగింజలను వ్రేళ్లతో ఏరి పారవేయుదురు. ఇరుగుపొరుగుతో మాటలాడుచునే యున్న ఇల్లాలి కన్ను గింజ వన్నెను పసికట్టునంతలో బొటనవ్రేలును చూపుడువ్రేలును దానిని పట్టియుండును. చూపునకును పట్టునకును నడుమ ఎడమున్నదని ఆమె యెరుగదు.

మిల్లులు వచ్చి దంపుడును చెరుగుడును యంత్రముల పాలయినను, ఏరుట మాత్రము చిరకాలము మనుష్యునికే మిగిలెను. ఆ కొరతను తీర్చినది మిల్లులవారు సార్టెక్స్ అని వ్యవహరించు యంత్రము. వాలుపలక మీదుగా గింజలు పలుచని ధారగా జారుచుండగా, ఇరుప్రక్కల నిలిచిన కెమెరాలు వెలుతురులో వాని వన్నెను కొలుచును. మచ్చగింజ కనబడినచో, అది గొట్టపుమొన యెదుటికి వచ్చు క్షణమును గణించి యంత్రము గాలిని విడుచును. ఆ గాలిదెబ్బకు గింజ ప్రక్కతొట్టిలో పడును. చూపు మనుష్యునిదానిని పోలినదే గాని, యంత్రము ఇచ్చట దేనిని పట్టుకొనదు. వ్రేళ్ల నేర్పు దానికి అలవడనందున యంత్రనిర్మాతలు ఏరుటను ఊదుటగా మార్చిరి.

పట్టుట యను విద్య అంత సులభముగా లొంగలేదు. 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ కర్మాగారమున పనికి కుదిరిన యూనిమేట్ అను యంత్రహస్తమునకు కన్నులు లేవు. వేడి లోహపు పోతలను నిర్ణీతస్థానమునుండి మాత్రమే అది తీయగలిగెను. చేతికి కన్నును జోడించు యత్నము విద్యాపీఠములలో సాగుచుండగా, చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాలరెడ్డి, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున నెలకొనిన రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకుడయ్యెను. వస్తువు ఎంత దూరమున నున్నదో, ఏ వైపునకు తిరిగియున్నదో, ఎంత బిగించిన జారకయు నలగకయు నిలుచునో ముందుగా సూత్రములలో నిమిడ్చుట దుస్సాధ్యము. అందువలన గూగుల్ పరిశోధకులు వేరొక త్రోవ త్రొక్కి, 14 వరకు యంత్రహస్తములను తొట్టెల ముందు నిలిపి, రెండు నెలలలో 8 లక్షలకు పైగా మారులు వస్తువులను పట్టింపజేసి, జారిన పట్టును నిలిచిన పట్టును కెమెరా చూపుతో సరిపోల్చి అవి తామే నేర్చుకొనునట్లు చేసి, 2016లో ఆ ఫలితములను ప్రకటించిరి. చాట ముందు కూర్చుండి తల్లిని చూచుచు బాలిక ఏరుట నేర్చిన విధమును ఇట్టిదే.

సూర్యాపేట మార్కెట్ యార్డునందు నేటికిని హమాలీ గోనెబస్తాను కొక్కెముతో లాగి వీపున కెత్తుకొనును. బస్తా కుంగును, వంగును, ఎత్తిన ప్రతిమారు ఆకారము మార్చును. బస్తాలనెత్తు యంత్రములు లోకమున లేకపోలేదు గాని, వానికై సరకు ఒక వరుసలో, ఒక తీరున రావలయును. ఈ ప్రాంతపు మిల్లుల చరిత్రను పరికించినచో, మనుష్యుని పని యంత్రమునకు సంక్రమించుటకు ముందు ఆ పనియే యంత్రమునకు అనుకూలముగా మలచబడినట్లు తోచును. అట్లు మలచుటకు లొంగని పనులయందు కూలివాని చేతినేర్పే నేటికిని ప్రమాణము.