తండ్రి పూర్తి చేసిన సినిమా

1992 ఆగస్టు. విశాఖలో నలుగురు కలిసిన చోటల్లా ఉక్కు కబుర్లే. ఒకటో తేదీన ప్రధాని పి.వి. నరసింహారావు స్టీలుప్లాంటును జాతికి అంకితం చేసి వెళ్లారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో రోడ్డెక్కిన కుర్రాళ్లకు ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. వాళ్ల పిల్లలు గాజువాక బస్సులెక్కి డ్యూటీలకు పోతున్నారు.

మీరు బీచ్‌రోడ్డు మీద ఉత్తరం వైపు నడుస్తున్నారు. వెనక డాల్ఫిన్స్‌నోస్ కొండ, దాని చాటున హార్బరు నోరు. లోపలికి రమ్మనే పిలుపు కోసం దూరంగా ఓడలు లంగరేసుకుని ఉన్నాయి. ఎదర కైలాసగిరి పచ్చగా తడిసి ఉంది. ఈ నెలల్లో నైరుతి గాలికి సంద్రం ఒక పట్టాన ఊరుకోదు. పెదజాలారిపేట వాళ్లు తెప్పను నీళ్లలోకి తోసే ముందు కాసేపు నిలబడి కెరటాలను చూస్తారు. మీరూ చూడండి. మోకాలి లోతులో ఉన్నాం కదా అనుకునేలోపే ఇక్కడ కాళ్ల కింద నేల దిగిపోతుంది. పైకొచ్చిన నీరు అంతే ఊపుతో వెనక్కి లాగుతుంది. ఈత వచ్చినవాళ్లనీ లాగుతుంది.

ఊళ్లో ఒక సినిమా షూటింగు జరుగుతోంది. విశాఖకు అదేం కొత్త కాదు. 1978లో బాలచందర్ ‘మరోచరిత్ర’ తీసిన దగ్గర్నుంచీ, ప్రేమకథ చెప్పాలనుకున్న ప్రతి యువ దర్శకుడి కళ్లూ ఈ తీరం మీదే. ఈసారి క్లాప్ బోర్డు మీద ‘ప్రేమ పుస్తకం’ అని ఉంది. హీరో పేరు అజిత్ కుమార్. మద్రాసు కుర్రాడు, కొత్త ముఖం, రోడ్డు మీద నడిచి వెళితే ఇక్కడెవరూ తిరిగి చూడరు. దర్శకుడు గొల్లపూడి శ్రీనివాస్. అతనికీ ఇదే మొదటి సినిమా. కథానాయకుడూ కొత్త, కెప్టెనూ కొత్త.

ఆగస్టు 12, బుధవారం. విశాఖ తీరాన చిత్రీకరణ జరుగుతుండగా ఒక పెద్ద కెరటం వచ్చి శ్రీనివాస్‌ను లాక్కుపోయింది. అతనికి ముప్పయ్యేళ్లు నిండలేదు.

ఆ కుర్రాడి తండ్రి మీకు తెలుసు. ఆయన ముఖం తెలియని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో లేదు. గొంతు పెంచకుండా, చిరునవ్వు చెదరకుండా పక్కవాడి కొంప ముంచే పెద్దమనిషి పాత్ర వచ్చిందంటే దర్శకులకు ముందుగా గుర్తొచ్చే పేరు గొల్లపూడి మారుతీరావు. పదేళ్లలో ఆయన వేసిన వేషాలకు లెక్క లేదు. మొత్తం మీద రెండు వందల యాభై సినిమాలు దాటాయి. కెమెరా ముందు అన్నిసార్లు నిలబడ్డ మనిషి కెమెరా వెనక దర్శకుడిగా నిలబడాల్సి వచ్చింది ఈ కెరటం వల్ల. ఆయన జీవితంలో నేను అన్నిటికన్నా ముందు చెప్పుకునేది అదే. అది చెప్పాలంటే పాతూరి వీధుల్లోకి వెనక్కి నడవాలి.

రండి, జగదాంబ దాటి పాతపోస్టాఫీసు వైపు దిగుదాం. ఇది 1950ల విశాఖ. ఉక్కు లేదు. ఉన్నది రేవు, రైలు, కొన్ని కాలేజీలు. హార్బరు తెరిచి ఇరవై ఏళ్లు దాటింది. ఓడ కూత వినిపిస్తే ఇళ్లలో వాళ్లు తలెత్తరు, అలవాటైపోయింది. 1939 ఏప్రిల్ 14న విజయనగరంలో పుట్టిన మారుతీరావు సి.బి.ఎం. హైస్కూల్లో, ఎ.వి.ఎన్. కాలేజీలో చదువుకున్నది ఇక్కడే. ఎ.వి.ఎన్. మామూలు కాలేజీ కాదు. సి.వి. రామన్ ఇంటర్ చదివిందీ, శ్రీశ్రీ కొన్నాళ్లు డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసిందీ ఇందులోనే. తొలి కథ ‘ఆశాజీవి’ 1954లో అచ్చయ్యేనాటికి మన కుర్రాడికి పదిహేనేళ్లు. చిన్న వయసులోనే రాఘవ కళానికేతన్ పేరుతో నాటక సమాజం పెట్టాడు.

ఇప్పుడు గట్టెక్కి వాల్తేరు చేరండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం. పగలు గణిత భౌతికశాస్త్రం ఆనర్సు క్లాసులు, సాయంత్రం రిహార్సళ్లు. రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి నాయుడు గారికి నాటకమంటే ప్రాణం. ఆయన అండ దొరికిన కుర్రాళ్లకు క్యాంపసే రంగస్థలం. మారుతీరావు శ్రీవాత్సవ రాసిన ‘స్నానాలగది’, భమిడిపాటి రాసిన ‘మనస్తత్వాలు’ నాటకాలకు దర్శకత్వం వహించి ముఖ్యపాత్రలూ తానే వేశాడు. ‘మనస్తత్వాలు’ అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాలకు ఎంపికై ఢిల్లీ తల్కతోరా గార్డెన్స్ దాకా వెళ్లింది. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాలో చెప్పే పని ఆయన సినిమాల్లో నేర్చుకున్నది కాదు. ఇరవయ్యేళ్లకే వాల్తేరు గాలిలో వచ్చేసింది. తర్వాత చాలా ఏళ్లు దాన్ని పక్కన పెట్టాడంతే.

పెట్టక తప్పలేదు. బతుకుతెరువు ముందు. 1959లో ఆంధ్రప్రభలో సబ్‌ఎడిటరు, ఆ తర్వాత ఆకాశవాణి. ఊరూరా బదిలీలు, ఒరిస్సాలోని సంబల్‌పూర్ దాకా. మధ్యలో సినిమా రచన. ఆదుర్తి సుబ్బారావు ‘డాక్టర్ చక్రవర్తి’ 1964లో వచ్చింది, రచయితగా నంది అందుకున్నాడు. కె. విశ్వనాథ్ మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’ కథలోనూ ఆయన చెయ్యి ఉంది. గమనించండి, కొత్త దర్శకుడి పక్కన నిలబడటం ఆయనకు అక్కడే మొదలైంది.

రెండోసారి అదే ఆయన రాత మార్చింది. 1981లో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరుగా ఉండగా ఆకాశవాణి వదిలేశాడు. నలభై రెండేళ్లు. ఆ వయసులో చాలామంది పింఛను లెక్కలేసుకుంటారు. 1982లో కోడి రామకృష్ణ అనే కుర్రాడు తొలి సినిమా తీస్తున్నాడు, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’. మాటలు రాయడానికి వచ్చిన గొల్లపూడి చేత అందులో సుబ్బారావు వేషం కూడా వేయించారు. ఏదో ఒక టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్ల మధ్య కూర్చుని చూడండి: ఆ సుబ్బారావు తెర మీదికి రాగానే జనం తిడతారు, నవ్వుతారు, మళ్లీ ఎప్పుడొస్తాడా అని చూస్తారు. ఆ మర్నాటి నుంచి ఆయనకు ఖాళీ లేదు. ‘సంసారం ఒక చదరంగం’లో ఆయన వేసిన ఇంటిపెద్ద మన ఇళ్లలో చాలామంది నాన్నలకు అద్దం.

వేషాలు వేస్తూనే రాశాడు. ‘కళ్లు’ నాటకం గురించి ఒక్క మాట చెప్పాలి. గుడ్డి బిచ్చగాళ్లు పైసా పైసా కూడబెట్టి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. చూపొచ్చినవాడు వాళ్లకు దారి చూపించాలి, చూపించడు. దాన్ని 1988లో ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు సినిమాగా తీశారు. రఘుకు దర్శకుడిగా అదే తొలి ప్రయత్నం. విశ్వనాథ్, కోడి రామకృష్ణ, ఎం.వి. రఘు. ముగ్గురి తొలి అడుగుల పక్కనా ఈయన అక్షరం ఉంది. నాలుగో కొత్త దర్శకుడు సొంత కొడుకు.

ఇక మళ్లీ 1992కు వద్దాం.

షూటింగు ఆగిపోయింది. తీసినంత మేరకు ఫిల్ము మద్రాసులో ఉంది, మిగతాది కాగితం మీద ఉంది. ఇలాంటప్పుడు సినిమా పెట్టె మూసేస్తారు, ఎవరూ తప్పు పట్టరు. మూసేయాలనే చాలామంది తండ్రులు కోరుకుంటారు. మారుతీరావు మూయలేదు. మిగిలింది తానే తీస్తానన్నాడు.

ఒక ఎడిటింగు గదిని ఊహించుకోండి. చీకటిగా, చల్లగా ఉంది. చిన్న తెర మీద రష్ పరుగెడుతోంది. ఆ రోజుల్లో డైలాగులన్నీ తర్వాత డబ్బింగు చెప్పించేవాళ్లు. షూటింగులో పట్టే పైలట్ ట్రాక్ గుర్తు కోసమే. అందులో నటుల మాటలతో పాటు దర్శకుడి కేకలూ పడేవి. ప్రతి షాటు మొదట్లో ఆయన ‘యాక్షన్’ అంటాడు, చివర్లో ‘కట్’ అంటాడు. ఎడిటరు ఆ రెండిటినీ కత్తిరించి పారేస్తాడు. ప్రతి సినిమాకూ జరిగే పనే. ఇక్కడ ఆ గొంతు ఎవరిదో, పక్కన కూర్చుని వింటున్నది ఎవరో తలుచుకోండి.

దానికన్నా కష్టమైనది ఇంకొకటి. పాతికేళ్ల కుర్రాడి ప్రేమకథను యాభై మూడేళ్ల మనిషి కొనసాగించాలి. ఈయన చేయి తిరిగిన రచయిత. సంభాషణ ఎక్కడ మెరవాలో, సన్నివేశం ఎక్కడ తెగాలో ఆయనకు ఆయన లెక్కలున్నాయి. ఆ లెక్కలు పక్కన పెట్టి, వాడైతే ఇక్కడ ఏం చేసేవాడు అని ప్రతి షాటుకూ అడుక్కోవాలి. అడిగితే చెప్పేవాడు లేడు. ఎస్.వి. రంగారావు ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ తీసినప్పుడు, తనికెళ్ల భరణి ‘మిథునం’ తీసినప్పుడు అవి వాళ్లు కోరుకుని ఎక్కిన మెట్లు. క్యారెక్టర్ ఆర్టిస్టు మెగాఫోను పట్టిన సందర్భాల్లో ఇలాంటిది నాకు తెలిసి మరొకటి లేదు.

‘ప్రేమ పుస్తకం’ 1993లో విడుదలైంది. నంది పురస్కారాలు వచ్చాయి. అజిత్ తర్వాత తమిళంలో ఎంత పెద్ద హీరో అయ్యాడో చెప్పనక్కర్లేదు. ఆయన కథానాయకుడిగా తెలుగులో నటించిన సినిమా మాత్రం ఇదొక్కటే. అందుకే ఈ సినిమా పేరు ఇప్పుడు ఎక్కడ వినిపించినా అజిత్ తొలి రోజుల ముచ్చటగానే వినిపిస్తుంది. నాకది బాధగా ఉంటుంది. ఆ రీళ్లలో కొంత కొడుకుది, కొంత తండ్రిది. ఎక్కడ ఒకరి చెయ్యి ఆగి మరొకరి చెయ్యి మొదలైందో వెతుకుతూ చూడాల్సిన సినిమా అది.

కథ అక్కడ ఆగినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. ఆయన ఆగలేదు. కొడుకు పేరిట ఫౌండేషన్ పెట్టి, దేశంలో ఏ భాషలోనైనా సరే, తొలి సినిమా తీసిన దర్శకుల్లో ఒకరికి ఏటా ఆగస్టు 12న చెన్నైలో పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టారు. లక్షన్నర రూపాయలు, ఒక జ్ఞాపిక. దాంతో పాటు స్మారకోపన్యాసం. మృణాల్ సేన్, శ్యామ్ బెనెగల్ వంటివాళ్లు వచ్చి మాట్లాడారు. 2008లో ‘తారే జమీన్ పర్’కు ఆమిర్ ఖాన్ ఆ పురస్కారం అందుకున్నాడు.

ఆ సభలో వెనక వరసలో కూర్చోండి. వేదిక మీద ఒక ముసలాయన. తెరమీద మనల్ని అంతగా నవ్వించి, ఏడిపించి, చిరాకు పెట్టిన మనిషే. ఎవరో కన్న బిడ్డ, ఎక్కడో తీసిన మొదటి సినిమాకు శాలువా కప్పుతున్నాడు. ఆ తేదీన ఆయన తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంటే ఎవరు కాదంటారు? అందరినీ పిలిచి, కొత్తవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, అదే తేదీని వాళ్ల పండుగ చేశాడు. ఆయన రాసిన నవలలు, నాటకాలు, ‘జీవన కాలమ్’ వ్యాసాలు, ‘అమ్మకడుపు చల్లగా’ ఆత్మకథ, ఆ సుబ్బారావు వేషం, అన్నీ ఒకవైపు పెట్టి ఇదొక్కటీ ఒకవైపు పెడితే నేను దీనివైపే మొగ్గుతాను.

గొల్లపూడి 2019 డిసెంబరు 12న చెన్నైలో కన్నుమూశారు. ఎనభై ఏళ్లు. చివరి సంవత్సరాల్లో చెన్నైకీ విశాఖకూ మధ్య తిరుగుతూ గడిపారు. కొడుకును తీసుకున్న సముద్రం ఉన్న ఊరిని ఆయన వదులుకోలేదు.

విశాఖలో నాటకం ఆడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఫోన్లతో పొట్టి సినిమాలు తీసి, పెద్ద సినిమా ఎప్పుడా అని ఎదురుచూసే పిల్లలు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, ఈ ఊరి ఫిలిం సొసైటీలకూ నాదొక విన్నపం. ప్రతి ఆగస్టు 12న ఏదైనా ఒక తొలి సినిమాను, దాన్ని తీసిన కుర్రాణ్నో అమ్మాయినో పిలిచి, వాల్తేరులో వేయండి. మొదటి ఏడు ‘ప్రేమ పుస్తకం’తో మొదలుపెట్టండి. పోస్టరు మీద దర్శకత్వం అన్న చోట తండ్రి పేరూ కొడుకు పేరూ రెండూ రాయండి.