తప్పనిసరి మార్పు, తప్పనిసరి విరమణ: దుండిగల్ ‘దీపక్’ శిక్షణ విమానాల చరిత్ర (1984–2013)

ఉపోద్ఘాతం

2013 మే నెలలో భారతదేశంలో విమాన భద్రతకు సంబంధించిన రెండు ఘటనలు జరిగాయి. నాలుగు నెలలుగా నేలమీద నిలిచిపోయిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787 విమానాలు బ్యాటరీ వ్యవస్థలో మార్పులు పూర్తి చేసుకుని మళ్లీ ప్రయాణికులతో ఎగరడం మొదటిది. అదే నెల 31న హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న దుండిగల్ వైమానిక దళ అకాడమీలో పిలాటస్ పీసీ-7 మార్క్-2 అనే స్విట్జర్లాండ్ శిక్షణ విమానాన్ని లాంఛనంగా ప్రవేశపెట్టడం రెండవది. ఈ రెంటినీ కలిపి చూసినవారు తక్కువ. మొదటిదానిలో ఒక విమానం మార్పుతో బతికింది. రెండవదాని వెనుక, లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు ఫలించక శాశ్వతంగా నిలిచిపోయిన మరొక విమానం ఉంది. ఆ విమానం హెచ్‌పీటీ-32. దాని పేరు ‘దీపక్’.

విమానంలో లోపం కనిపించినప్పుడు దానిని సరిదిద్దే మార్పును ఐచ్ఛికంగా వదిలివేయక తప్పనిసరి చేయడం పౌర విమానయానంలో స్థిరపడిన పద్ధతి. ఆ పద్ధతి శిక్షణ విమానాల విషయంలో ఎలా పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది దీపక్ చరిత్ర ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శిక్షణ క్షేత్రంగా ఉత్తర హైదరాబాదు

నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ప్రాంతంలో రెండు వైమానిక స్థావరాలున్నాయి. సికిందరాబాదు నుంచి శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే దారిలో హకీంపేట, బాలానగర్ నుంచి నర్సాపూర్ వెళ్లే దారిలో దుండిగల్. ఈ రెంటి మధ్య, నాగపూర్ జాతీయ రహదారి మీద మేడ్చల్. దుండిగల్ అకాడమీకి 1967 అక్టోబరు 11న నాటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. సరిగ్గా 49 ఏళ్ల తరువాత అదే తేదీన, 2016లో, ఆ ప్రాంతం రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాగా ఏర్పడడం కేవలం కాకతాళీయం.

హకీంపేటలో పోలెండు నుంచి 1975లో వచ్చిన ఇస్క్రా జెట్ శిక్షణ విమానాలు దాదాపు మూడు దశాబ్దాలు ఎగిరి 2004 డిసెంబరులో విరమించాయి. హెలికాప్టర్ శిక్షణ కూడా అక్కడే సాగుతుంది. మేడ్చల్, శామీర్‌పేట, జిన్నారం, తూప్రాన్ గ్రామాల మీది ఆకాశం అర్ధ శతాబ్దంగా తొలిసారి విమానం నడుపుతున్న యువకుల తరగతి గది అయింది. పొలాల్లో పనిచేసేవారికి తల ఎత్తకుండానే ఏ ఇంజన్ శబ్దం ఏ విమానానిదో తెలిసేంత పరిచయం ఏర్పడిన ప్రాంతమిది. శబ్దం ఒక్కసారిగా ఆగిపోతే దాని అర్థమేమిటో కూడా వారికి తెలుసు.

దీపక్: నిర్మాణమూ లోపమూ

స్వాతంత్ర్యానంతరం భారతీయ శిక్షణ విమానాలకు ఆద్యుడు హెచ్‌టీ-2. వి. ఎం. ఘాటగే నాయకత్వంలో హిందుస్థాన్ విమాన కర్మాగారం రూపొందించిన ఈ విమానం 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరింది. దానికి వారసుడిగా అదే సంస్థ రూపొందించిన హెచ్‌పీటీ-32, 1977 జనవరి 6న తొలిసారి ఎగిరి, 1984 నుంచి వైమానిక దళంలో చేరింది. పూర్తిగా లోహంతో చేసినది, చక్రాలు లోపలికి ముడుచుకోనిది, రెక్కలు దిగువన ఉన్నది, గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునేది. ముందు భాగంలో అమెరికా లైకమింగ్ సంస్థ తయారుచేసిన 260 అశ్వశక్తి పిస్టన్ ఇంజన్. ఆ ఇంజన్ పేరులోని ఏఈఐఓ-540 అన్న అక్షరాలు దాని స్వభావాన్ని చెబుతాయి: విన్యాసాలకు అనువైనది, ఇంధనాన్ని ఒత్తిడితో చిమ్మేది, సిలిండర్లు ఎదురెదురుగా ఉండేది, 540 ఘనపు అంగుళాల పరిమాణం కలది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని విపులంగా చెప్పుకోవలసి ఉంది. పిస్టన్ విమానంలో విద్యుత్ వ్యవస్థ మొత్తం ఆగిపోయినా ఇంజన్ ఆగదు. సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు బ్యాటరీ మీదగానీ జనరేటర్ మీదగానీ ఆధారపడవు. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ తమకు కావలసిన విద్యుత్తును అవే పుట్టించుకుంటాయి. ఒకటి చెడినా రెండవది నడిపించేలా రెండేసి అమరుస్తారు. వందేళ్ల అనుభవం నేర్పిన జాగ్రత్త ఇది. రేడియో మూగబోవచ్చు, దీపాలు ఆరిపోవచ్చు, కాని విమానం ఎగురుతూనే ఉంటుంది. ఆ ఇంజన్‌కు అసలు ప్రాణం ఇంధన ధార. రెక్కలు దిగువన ఉన్న విమానంలో రెక్కల్లోని పెట్రోలు తనంతట తాను ఇంజన్‌కు చేరదు, పంపు దానిని పైకి తోడాలి. వేడెక్కిన గొట్టంలో పెట్రోలు ఆవిరైతే పంపుకు పట్టు దొరకదు. ద్రవాన్ని తోసే యంత్రం ఆవిరిని తోయలేదు. ఇంజన్ దగ్గి ఆగిపోతుంది.

దీపక్ విషయంలో పదే పదే వినిపించిన ఫిర్యాదు ఇదే: గాలిలో ఇంజన్ ఆగిపోవడం. వేలు ప్రధానంగా ఇంధన సరఫరా వ్యవస్థ వైపే చూపింది. ఒకే ఇంజన్ గల విమానం. ఎజెక్షన్ సీట్లు లేవు. శిక్షణ విమానం ఎక్కువ సమయం తక్కువ ఎత్తులోనే గడుపుతుంది, టేకాఫ్, ల్యాండింగ్ పాఠాలు గంటల తరబడి సాగుతాయి కనుక. ఆ ఎత్తులో ఇంజన్ ఆగితే చదునైన నేల వెతుక్కునే వ్యవధి కొన్ని క్షణాలే. సేవలో ఉన్న పాతికేళ్లలో 17 ప్రమాదాల్లో 19 మంది వైమానికులు మరణించారు. 2009 జులై 31న దుండిగల్‌కు సమీపాన, నాటి మెదక్ జిల్లా జిన్నారం మండలం అన్నారం దగ్గర ఒక దీపక్ కూలి అందులోని ఇద్దరు అధికారులూ మరణించిన తరువాత దళం మొత్తం దీపక్‌లను నేలకు దించింది. అవి మళ్లీ శిక్షణకు ఎగరలేదు.

చట్టం పరిధిలో ఉన్నదీ లేనిదీ

పాతికేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్న సహజం. దానికి సమాధానంలో ఒక భాగం చట్టంలోనే ఉంది. 1934 నాటి విమానాల చట్టం, దాని కింద వచ్చిన 1937 నియమావళి పౌర విమానాలకే వర్తించాయి. సైనిక, నౌకా, వైమానిక దళాల విమానాలను ఆ చట్టమే మినహాయించింది. పౌర విమానంలో లోపం బయటపడినప్పుడు దానిని రూపొందించిన దేశపు నియంత్రణ సంస్థ ‘ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్’ జారీచేస్తుంది. దానికొక సంఖ్య ఉంటుంది, గడువు ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. గడువులోగా మార్పు చేయని విమానం ఎగరడానికి అర్హత కోల్పోతుంది. భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ వాటిని ఇక్కడి విమానాలకూ తప్పనిసరి చేస్తుంది.

సైనిక విమానాల ఎగిరే యోగ్యతను బెంగళూరు కేంద్రంగా గల సెమిలాక్ సంస్థ చూస్తుంది. దానికి హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రమూ ఉంది. అక్కడా మార్పులుంటాయి, ఆదేశాలుంటాయి. ప్రతి ప్రమాదం మీదా విచారణ జరుగుతుంది. అయితే ఆ విచారణ నివేదికలు బయటి లోకానికి అందవు. పార్లమెంటులో మంత్రుల సమాధానాలూ కాగ్ నివేదికలూ పత్రికా కథనాలే చరిత్రకారుడికి ఆధారాలు. రహస్యం పాటించడంలో యుద్ధ విమానం విషయంలో న్యాయముంది. పెట్రోలు పంపు దాకా ఆ రహస్యం విస్తరించడంలో న్యాయమెంతన్నది వేరే సంగతి.

‘తప్పనిసరి’ అన్న మాట బరువు పౌర రంగంలోనూ స్పష్టంగా తెలిసిన సందర్భాలున్నాయి. ఇంధనాన్ని నిలిపివేసే స్విచ్‌ల లాకింగ్ అమరిక ఊడివచ్చే అవకాశం గురించి అమెరికా నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో ఒక సమాచార పత్రం వెలువరించింది. అది సలహా మాత్రమే, ఆదేశం కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మంది మరణించిన ప్రమాదం మీద వచ్చిన ప్రాథమిక నివేదిక, ఆ పరిశీలన తప్పనిసరి కానందున ఎయిర్ ఇండియా దానిని చేయలేదని నమోదు చేసింది. దానినే ప్రమాద కారణంగా ఆ నివేదిక చెప్పలేదు. అయినా నివేదిక వెలువడిన రోజుల్లోనే భారత నియంత్రణ సంస్థ ఆ స్విచ్‌ల పరిశీలనకు గడువు విధించింది. ఏడేళ్లుగా సలహాగా ఉన్నది ఒక్క వారంలో ఆదేశమైంది.

తొమ్మిది రోజులు, పాతికేళ్లు

బోయింగ్ 787 వ్యవహారాన్ని దీపక్ పక్కన పెట్టి చూస్తే తేడా తీవ్రత తెలుస్తుంది. పాత జెట్ విమానాల్లో ఇంజన్ నుంచి తీసిన వేడి గాలితో జరిగే పనులను 787 విద్యుత్తుకు అప్పగించింది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి, రెక్కల మీద మంచు కరిగించడం, చివరికి బ్రేకులు కూడా. ఒక్కో ఇంజన్‌కు 250 కేవీఏ జనరేటర్లు రెండేసి ఉంటాయి. ఇలాంటి విమానంలో విద్యుత్ వ్యవస్థే వెన్నెముక.

విమానంలోని తీగల ప్రాణాంతకత్వం ప్రపంచానికి అప్పటికే అనుభవమే. 1998 సెప్టెంబరు 2న కెనడా తీరంలో కూలిన స్విస్ఎయిర్ 111లో 229 మంది మరణించారు. తీగల వద్ద పుట్టిన విద్యుత్ ఆర్క్ వల్ల ఇన్సులేషన్ దుప్పట్ల పైపొర అంటుకుని ఉంటుందని విచారణ భావించింది. ఆ రకం పొరను వందలాది విమానాల నుంచి తొలగించాలన్న ఆదేశం ఆ తరువాత వచ్చింది.

2013 జనవరి 7న బోస్టన్‌లో, ప్రయాణికులు దిగిపోయిన జపాన్ ఎయిర్‌లైన్స్ 787లో లిథియం అయాన్ బ్యాటరీ తగలబడింది. 16న మరొక 787 బ్యాటరీ పొగలతో జపాన్‌లోని తకమాత్సులో అత్యవసరంగా దిగింది. ప్రాణనష్టం లేదు. అదే రోజు అమెరికా ఆ విమానాన్ని నిలిపివేసింది. 1979లో డీసీ-10 తరువాత ఆ దేశం ఒక విమాన రకం మొత్తాన్ని ఆపడం అదే మొదలు. భారత డైరెక్టరేట్ కూడా వెంటనే ఎయిర్ ఇండియా వద్దనున్న ఆరు విమానాలనూ ఆపించింది. మొదటి మంట నుంచి నిలిపివేత వరకు తొమ్మిది రోజులు.

ఏప్రిల్‌లో తప్పనిసరి చేసిన మార్పు ఆసక్తికరమైనది. బ్యాటరీలోని ఎనిమిది సెల్‌ల మధ్య వేడి పాకకుండా ఇన్సులేషన్ పెంచారు. ఛార్జింగ్ వోల్టేజి పరిమితిని తగ్గించారు. మొత్తం బ్యాటరీని ఉక్కు పెట్టెలో పెట్టి, పొగ నేరుగా విమానం వెలుపలికి పోయే గొట్టం అమర్చారు. అప్పటికి సెల్ లోపల షార్ట్ సర్క్యూట్ ఎందుకు ఏర్పడిందో ఎవరూ తేల్చలేదు. కారణం తెలియకుండానే మార్పు చేశారు. కారణం ఏదైనా ఫలితం ప్రాణాంతకం కాకూడదన్నది ఆ ఉక్కు పెట్టె వెనుకనున్న ఆలోచన. ఇంజనీర్లలో కొందరికి ఇది రుచించలేదు, రోగం తెలియకుండా కట్టు కట్టినట్లుందని. కాని ప్రయాణికుడి పక్షాన ఆలోచిస్తే కట్టు పనిచేసింది.

దీపక్‌కూ అటువంటి కట్టు ఆలోచన వచ్చింది. ఇంజన్ ఆగితే విమానం మొత్తాన్ని కిందికి దించే పెద్ద పారాచూట్‌ను రాకెట్ సాయంతో విప్పే అమరిక అది. అమెరికాలో సిర్రస్ సంస్థ చిన్న విమానాల్లో ఈ ఏర్పాటు అప్పటికే మామూలు. దీపక్ ఇంధన వ్యవస్థలోని దోషాన్ని అది తొలగించదు, ఆ దోషం మనిషిని చంపకుండా మాత్రం ఆపగలదు. అయితే ఆ చర్చ విమానం సేవాకాలపు చివరి దశలోనే వచ్చింది. ఆ మార్పుతో దీపక్ దళంలో తిరిగి నిలబడలేదు. మొదటి పది ప్రమాదాల తరువాతైనా ఆ చర్చ మొదలై ఉంటే ఏమయ్యేదన్న ఊహ చరిత్ర రచన పరిధి దాటుతుంది. అయితే దోషమూలాన్ని కనుగొనే ప్రయత్నమూ, ఫలితాన్ని కట్టడి చేసే ప్రయత్నమూ వేర్వేరు మార్గాలనీ, దీపక్ విషయంలో రెండవ మార్గాన్ని చాలాకాలం వెదకలేదనీ చెప్పడం అతిశయోక్తి కాదు.

విరమణ తరువాత

దీపక్ ఆగడంతో దుండిగల్‌లో శూన్యం ఏర్పడింది. తొలిమెట్టుకు విమానం లేక, రెండవ మెట్టులో వాడే కిరణ్ జెట్ విమానాన్నే తొలిమెట్టుకూ వాడవలసి వచ్చింది. 1964లో తొలిసారి ఎగిరిన కిరణ్‌కు ఎజెక్షన్ సీట్లున్న మాట నిజమే. కాని విమానమంటే ఏమిటో తెలియని యువకుడిని మొదటి రోజే జెట్‌లో కూర్చోబెట్టడం శిక్షణ క్రమాన్నే తలకిందులు చేసింది. వయసు మీరిన కిరణ్‌ల మీద భారం రెట్టింపైంది. ఒక మార్పును వాయిదా వేసిన మూల్యం మరొక విమానం చెల్లించింది.

2012 మే 24న 75 పిలాటస్ విమానాలకు ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడు అవి దుండిగల్ చేరాయి. వాటిలో ఎజెక్షన్ సీట్లున్నాయి, పిస్టన్‌కు బదులు టర్బోప్రాప్ ఇంజన్ ఉంది. అయినా 2023 డిసెంబరు 4న తూప్రాన్ సమీపాన ఒక పిలాటస్ కూలి శిక్షకుడూ శిక్షణార్థీ ఇద్దరూ మరణించారు. దీపక్‌కు దేశీయ వారసుడిగా హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన హెచ్‌టీటీ-40 తొలిసారి ఎగిరినది 2016 మే 31న. అలాంటి 70 విమానాల కొనుగోలుకు 2023 మార్చిలో ఆమోదం లభించింది. దీనికీ ఎజెక్షన్ సీట్లున్నాయి. దీపక్‌కు లేని ఆ రెండు కుర్చీలు ఇప్పుడు నమూనా దశలోనే విమానంలో భాగమయ్యాయి.