పుటియోలి గోడ

బిల్లు చేతికొస్తే నేను రేటు ముందు చూడను, పని ఎలా చేయాలని రాశారో చూస్తాను. ముప్ఫై ఏళ్లు కాంట్రాక్టు పనుల లెక్కలు తనిఖీ చేసిన అలవాటు అది. క్రీ.పూ. 105 నాటి ఒక గోడ పని ఒప్పందాన్నీ అలాగే చదివాను.

ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే రేవు పట్నం ఉంది. రోమన్ల నోట అది పుటియోలి. అక్కడి సెరాపిస్ దేవుడి గుడి ముందు, బాటకు అవతల ఉన్న గోడలో వాకిలి పెట్టాలి, దానికి ఆనుకుని కొంత కట్టుబడి చేయాలి. పని ఇంతే. కానీ పాలరాతి పలక మీద మూడు నిలువు వరుసల్లో చెక్కిన షరతులు చూడండి. వాకిలి వెడల్పు 6 అడుగులు, ఎత్తు 7. పైన వేసే ఓక్ దూలం పొడవు 8 అడుగులు, వెడల్పు అడుగుంపావు, మందం ముప్పావు అడుగు. అడుసులో నాలుగో వంతు చల్లార్చిన సున్నం కలపాలి. గోడలో పెట్టే రాయి పొడిగా తూస్తే 15 రోమన్ పౌండ్లు మించకూడదు.

ఈ చివరిది చదివి ఆగిపోయాను. పెద్ద రాళ్లు పేర్చి, సందుల్లో ఏదో కూరి కొలత చూపించేయడం నేను ఎన్ని పనుల్లో చూశానో! దాన్ని ముందే పసిగట్టి రాసిన మనిషి పనిలో ఆరితేరినవాడే.

పని గాయస్ బ్లోసియస్‌కి 1,500 సెస్టెర్షియస్ నాణేలకు దక్కింది. అతనికి అతనే పూచీ, తోడుగా మరో నలుగురు. పూచీ కింద భూములు రాసిచ్చాక సగం సొమ్ము, పని పూర్తయి పాసయ్యాక మిగతా సగం. గడువు నవంబరు 1. పాస్ చేసేది ఒక్క అధికారి కాదు. పట్నాన్ని ఏలుతున్నవాళ్లూ, ఏలి దిగిపోయినవాళ్లూ కనీసం 20 మంది కూర్చోవాలి. ఆ 20 మంది ప్రమాణం చేసి బాగుందంటేనే బాగున్నట్టు.

రాజధాని రోములో అంతకుముందు ఒకసారి వేలమే సాఫీగా సాగలేదు. క్రీ.పూ. 184లో, ప్రభుత్వ పనులు వేలంలో ఇచ్చే సెన్సార్ పదవిలో ఉన్న కేటో ఆ పనులను బాగా తక్కువ రేట్లకు వేలంలో ఇస్తే, కాంట్రాక్టర్లు సెనేట్ ముందు ఏడ్చి రద్దు చేయించారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కేటో మళ్లీ వేలం పెట్టి, మొదటిదాన్ని చెడగొట్టినవాళ్లను ఆ దరిదాపులకు రానివ్వలేదు.

మన కాలానికొస్తే, ఐరోపా దేశాలు నిర్మాణ పనుల టెండర్లకు ఉమ్మడి నిబంధనలు 1971లో తెచ్చుకున్నాయి. ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశం ప్రకారం ధరతో పాటు నాణ్యత, కట్టడం ఉన్నన్నాళ్లూ అయ్యే ఖర్చు కూడా తూచవచ్చు. మంచి చట్టం. అయితే అందులో ఎక్కువ భాగం ఒప్పందం మీద సంతకం పడేవరకే. ఆ తర్వాత గోడ ఎలా లేచిందో చూసుకోవడం చాలావరకు ఆయా దేశాల చట్టాలకే వదిలేశారు. పుటియోలి వాళ్లు 20 మందిని కూర్చోబెట్టింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు టెండరు షరతులు రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాయి బరువు కూడా రాయండి.