నోటి క్యాన్సర్ చికిత్స: మెడకు కూడా శస్త్రచికిత్స ఎందుకు?

ప్రపంచంలో ఏటా నమోదవుతున్న నోటి క్యాన్సర్ కేసుల్లో సుమారు మూడో వంతు భారతదేశానివే. ఖైనీ, గుట్కా, వక్కలను బుగ్గన పెట్టుకునే అలవాటు కారణంగా మన దేశంలో బుగ్గ లోపలి పొర, కింది చిగురు ఎక్కువగా ఈ వ్యాధి బారిన పడుతున్నాయి. నిప్పు కొసను నోటిలో ఉంచుకుని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటున్న ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో అంగిలి క్యాన్సర్‌నూ వైద్యులు గుర్తించారు.

మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ముక్క తీస్తే వ్యాధి పాకుతుందన్న భయం జనంలో బలంగా ఉన్నా, దానికి ఆధారం లేదు. ఆ భయంతో పసరు మందులు పూస్తూ గడిపే నెలలే అసలు నష్టం.

ఈ వ్యాధికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్సే. కణితితో పాటు దాని చుట్టూ ఉన్న కొంత ఆరోగ్యకరమైన భాగాన్నీ తొలగిస్తారు. ఎముకకు సోకితే దవడలో కొంత తీయవలసి వస్తుంది. ఆ లోటును మోకాలి దిగువనుండే సన్నని ఎముకతోనో, ముంజేతి చర్మంతోనో, ఛాతీ కండరంతోనో పూడుస్తారు.

పుండు నోటిలో ఉంటే, గడ్డ ఏదీ కనిపించని మెడను ఎందుకు కోయాలని బంధువులు తరచూ ప్రశ్నిస్తారు. సహేతుకమైన ప్రశ్నే. చేతికి తగలనంత సూక్ష్మంగా వ్యాధి మెడలోని శోషరస గ్రంథులకు చేరి ఉండవచ్చు. ముంబయి టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు తొలి దశ రోగులు 500 మంది ఫలితాలను 2015లో వెల్లడించారు. నోటితో పాటే మెడ గ్రంథులను కూడా తొలగించిన వర్గంలో మూడేళ్ల జీవన రేటు 80 శాతం. గడ్డ బయటపడ్డాకే మెడకు శస్త్రచికిత్స చేసిన వర్గంలో అది 67.5 శాతం మాత్రమే.

తొలగించిన భాగాల పరీక్షలో వ్యాధి ముదిరినట్లు తేలితే రేడియేషన్ అవసరమవుతుంది. శస్త్రచికిత్స జరిగిన ఆరు వారాల్లోగా దానిని ఆరంభించాలి. వారానికి ఐదు రోజుల చొప్పున సాధారణంగా ఆరు వారాలు ఇస్తారు. కణితి అంచుల్లో వ్యాధి మిగిలినా, గ్రంథి పొరను దాటి వెలుపలికి వచ్చినా సిస్‌ప్లాటిన్ అనే మందును జోడిస్తారు. గాయం మానింది కదా అని ఈ దశలో ఊరికి వెళ్లిపోయే రోగులకు వ్యాధి తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. రేడియేషన్‌కు ముందే పాడైన పళ్లను తీయించుకోవాలి. తరువాత తీస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది.

వ్యాధి తిరగబెట్టి, శస్త్రచికిత్సకు లొంగని స్థితిలో ఆయుష్షును పొడిగించడం, బాధను తగ్గించడమే లక్ష్యాలు. రోగనిరోధక శక్తిని ప్రేరేపించే నివోలుమాబ్ ఖరీదైన మందు. దానిని 20 మిల్లీగ్రాముల స్వల్ప మోతాదులో, నోటి ద్వారా తీసుకునే మందులకు జోడించగా ఏడాది జీవన రేటు 16.3 నుంచి 43.4 శాతానికి పెరిగినట్లు టాటా వైద్యులు 2022లో ప్రకటించారు.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఈ చికిత్సలు అందిస్తున్నాయి. ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు లభిస్తుంది.