మధ్య స్పీకరు: పుట్టుపూర్వోత్తరాలు

మొన్నటి సంక్రాంతి సెలవులలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక చలనచిత్రం చూస్తూ ఉండగా నడుమ మాటలు మాయమైనవి. వయొలిన్లు వినబడుతున్నవి, వెనుకవైపునుంచి వాన చప్పుడు వినబడుతున్నది. తెరమీద నాయకుడు పెదవులు కదుపుతున్నాడు గాని మాట మాత్రం లేదు. ఒక నిమిషానికి లక్క కాలిన వాసన వంటిది గదిలో వ్యాపించింది. మా హోమ్ థియేటరులో తెరక్రింద అడ్డంగా అమర్చి ఉండే మధ్య స్పీకరు కాలిపోయిందని అప్పుడు తెలిసింది.

మా అమ్మగారికి ఎనభై ఏళ్లు దాటినవి. గోడవారగా, కుడి స్పీకరుకు చేరువగా వేసిన పడకకుర్చీ ఆమె స్థానం. ఆ పూటకు గడిచిపోతుందని, మధ్య స్పీకరు లేనట్లుగా రిసీవరును అమర్చి, మాటలను ఎడమ కుడి స్పీకర్లకు సమంగా పంచిపెట్టాను. నట్టనడుమ కూర్చున్న నాకు లోపమేమీ తోచలేదు. మాట తెర మధ్యనుంచే వస్తున్నట్లున్నది. అమ్మగారు మాత్రం, “అంతా ఈ పక్క పెట్టెలోనుంచే వస్తున్నది నాయనా, ఒక్క మాటా పోల్చుకోలేకుండా ఉన్నాను” అన్నారు. ఒకే గదిలో ఇద్దరు శ్రోతలకు ఇంత భేదం ఎందుకు కలగాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే తొంభై ఏళ్ల వెనుకకు పోవలసి ఉన్నది.

1933 ఏప్రిల్ 27వ తేదీ రాత్రి అమెరికాలో ఒక విచిత్రమైన సంగీత సభ జరిగింది. ఫిలడెల్ఫియా నగరంలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్ భవనంలో వాద్యబృందం వాయిస్తున్నది; శ్రోతలు వాషింగ్టన్ నగరంలోని కాన్‌స్టిట్యూషన్ హాలులో కూర్చుని ఉన్నారు. వారి యెదుట తెర తప్ప వాద్యకారుడెవరూ లేడు. బెల్ టెలిఫోన్ ప్రయోగశాల వారు వాద్యబృందం ముందు ఎడమన, నడుమ, కుడిన మూడు మైక్రోఫోనులను ఉంచి, మూడు వేరువేరు టెలిఫోను మార్గాలగుండా ధ్వనిని వాషింగ్టనుకు పంపి, అక్కడ మూడు స్పీకర్లద్వారా వినిపించారు. బృందానికి నిత్యం నాయకత్వం వహించే లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆ రాత్రి వాద్యకారుల ముందు లేడు. ఆ పని సహాయకుడు అలెగ్జాండర్ స్మాలెన్స్‌కు వదలి, తాను వాషింగ్టనులో మీటలు తిప్పుతూ కూర్చున్నాడు. చేతిలోని బెత్తాన్ని వదలి మీటలు పట్టుకున్న సంగీతవిద్వాంసుణ్ణి తలచుకుంటే, జీవితమంతా ఒక్క మైకు ముందు గడిపే మా వంటి రేడియో ఉద్యోగులకు కొంత అసూయ కలుగక మానదు.

ఆ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు మూడు మార్గాలను వేడుకకోసం ఎన్నుకోలేదు. హార్వీ ఫ్లెచర్ ఆధ్వర్యవంలో వారు ఒక పరీక్ష జరిపారు. ఒక మనిషి వేదికపై చోటు మార్చుతూ మాట్లాడతాడు; వేరొకచోట కూర్చున్న శ్రోతలు స్పీకర్లద్వారా ఆ మాట విని, అతడు ఎక్కడ నిలిచి ఉన్నాడో ఊహించి గుర్తు పెట్టాలి. ఆదర్శంగా చెప్పాలంటే వేదిక పొడుగునా లెక్కలేనన్ని మైకులు, అన్నే స్పీకర్లు కావాలి. అది అసాధ్యం కనుక ఎన్నిటితో సరిపెట్టుకోవచ్చునన్నది ప్రశ్న. రెండు మార్గాలు కూడ చాలవరకు పని చేశాయి. కాని నట్టనడుమ కూర్చోని శ్రోతకు వేదిక మధ్యభాగాన్ని నిలబెట్టడానికి మూడవది ఎంతో ఉపకరించింది.

దీనికి కారణం మన చెవులలోనే ఉన్నది. ఒకే ధ్వని రెండు చోట్లనుంచి వచ్చినపుడు, ముందుగా చేరినదాని దిక్కునే చెవి నమ్ముతుంది. రెండు స్పీకర్లకు సమదూరంలో కూర్చున్నవానికి రెండు ధ్వనులూ ఒక్క క్షణంలో అందుతవి. లేని స్పీకరు ఒకటి నడుమ ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. నాలుగడుగులు పక్కకు జరిగితే ఆ భ్రమ దగ్గరి స్పీకరులోకి జారిపోతుంది. అంతేకాదు. మధ్యన కూర్చున్నవానికి సయితం ప్రతి చెవికి రెండు స్పీకర్లనుంచీ ఒకే మాట కొద్దిపాటి వ్యవధితో చేరడం వల్ల, హల్లుల స్పష్టతకు అవసరమైన హెచ్చు కంపనాలు కొన్ని ఒకదానినొకటి చెరుపుకుంటవి. వినికిడి తగ్గిన పెద్దవారికి ఈ నష్టం బాగా తగులుతుంది. అమ్మగారి ఫిర్యాదు సహేతుకమేనన్నమాట.

మరి మూడు మార్గాలు మేలని 1933లోనే తేలితే, మన ఇండ్లకు స్టీరియో రెండు స్పీకర్లతో ఎందుకు వచ్చింది? గ్రామఫోను రికార్డు గాడికి రెండే గోడలు ఉండటం వల్ల! ఇంగ్లండులో అలెన్ బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు, సినిమాలో నటుడు తెర ఈ కొసనుంచి ఆ కొసకు నడిచినా గొంతు ఒక్కచోటనే ఉండిపోవడం చూచి అసంతృప్తి చెంది, 1931 డిసెంబరులో ఒక పేటెంటుకు దరఖాస్తు చేశాడు. గాడిలోని ఒక్కొక్క గోడపై ఒక్కొక్క ధ్వనిమార్గాన్ని చెక్కవచ్చునన్న ఊహ అందులో ఉన్నది. 1942లో రాడార్ పరీక్షల సందర్భంగా విమానం కూలి ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 38 ఏళ్లు. ఆయన ఊహకు అనుగుణమైన స్టీరియో రికార్డులు 1958లో గాని బజారుకు రాలేదు. వాటిలో మూడవ మార్గానికి చోటు లేదు. ఆ విధంగా ఇంటిలో మధ్య స్పీకరు మొదట పుట్టకుండానే పోయింది.

సినిమాకు ఆ ఇబ్బంది లేదు. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటేసియా’ చిత్రాన్ని తెరవెనుక మూడు స్పీకర్ల వరుసతో ప్రదర్శించాడు. దాని సంగీతానికీ నాయకుడు స్టొకోవ్‌స్కీయే. 1953లో సినిమాస్కోప్‌లో వచ్చిన ‘ది రోబ్’ చిత్రానికి ఫిల్ముపైననే నాలుగు అయస్కాంత ధ్వనిపట్టీలు ఉండేవి: మూడు తెరవెనుకకు, ఒకటి ప్రేక్షకుల చుట్టూ. ఆ రోజులలో నటుడు ఎటు నిలిస్తే మాటను అటే వినిపించేవారు. దృశ్యం మారినప్పుడల్లా గొంతు గంతులు వేయడం ప్రేక్షకులకు చికాకు కలిగించడంతో, క్రమంగా సంభాషణ అంతా మధ్య స్పీకరులోనే స్థిరపడింది. మన తెలుగులో సినిమాస్కోప్ చిత్రం 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తోనూ, 70 ఎం.ఎం. చిత్రం 1986లో ‘సింహాసనం’తోనూ వచ్చినవి.

తిరిగి ఇంటిలోనికి ఆ స్పీకరు వచ్చిన దారి తమాషా అయినది. డాల్బీ సంస్థవారు 1970ల మధ్యలో నాలుగు ధ్వనిమార్గాలను రెండింటిలో ఇమిడ్చే ఉపాయాన్ని సినిమాలో ప్రవేశపెట్టారు. రెండు పట్టీలలోనూ అచ్చంగా ఒకేవిధంగా ఉన్నది ఏదో, అది మధ్య స్పీకరుకు పోతుంది. 1977లో ‘స్టార్ వార్స్’ ఈ పద్ధతికి ప్రచారం తెచ్చింది. ఆ జంట మార్గాలే వీడియో టేపులపై ఇండ్లకు చేరినవి. 1987లో వచ్చిన ప్రో లాజిక్ పరికరాలు వాటిలో దాగిన మధ్యమార్గాన్ని వెలికితీశాయి. 1990లలో డాల్బీ డిజిటల్, డీవీడీలతో మధ్యమార్గం ఎవరి పొత్తూ లేక విడిగా లభించింది. కాలిపోయిన రాత్రి నేను నొక్కిన ఒక్క మీటతో మా ఇల్లు 1958కి వెళ్లిందన్నమాట.

ఇక ఆ స్పీకరు ఎందుకు కాలింది? 1925లో రైస్, కెలాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు రూపొందించిన నమూనానే స్వల్పమైన మార్పులతో నేటికీ నడుస్తున్నది: కాగితపు శంకువు, దాని మెడకు సన్నని తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. చుట్టలోనికి పోయిన విద్యుత్తులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే ధ్వని అవుతుంది, మిగిలినది వేడి. చిత్రంలోని ధ్వనిలో పెద్ద భాగం మధ్య స్పీకరే మోస్తుంది. దానికితోడు చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి హెచ్చిస్తే తరంగాల తలలు తెగి, వేడి మరింత పెరుగుతుంది. పండుగ పూట పిల్లలు చేసింది అదే. వారిని కోప్పడటానికి నాకు నోరు రాలేదు, హెచ్చించమన్నది నేనే.

కొత్తది కొనే ముందు పాతది నిజంగా పోయిందో లేదో చూడాలి. దాని తీగలను క్షణంసేపు ఎడమ స్పీకరుకు కలిపి చూచాను. మాటలు వచ్చినవి కనుక రిసీవరు క్షేమం. పెట్టె విప్పి తీగచుట్ట నిరోధాన్ని మీటరుతో కొలిచాను. ఎనిమిది ఓముల స్పీకరు సాధారణంగా ఆరు ఓముల ప్రాంతంలో చూపాలి. ఇది అసలు చూపలేదు. వేళ్లతో శంకువును మెల్లగా నొక్కితే గరగరమన్నది.

ఏదో ఒక మంచి స్పీకరు కొని పెట్టవచ్చునా అంటే, పెట్టవచ్చు గాని అతకదు. తెరపై ఒక బండి ఎడమనుంచి కుడికి పోయేటప్పుడు దాని చప్పుడు నడుమ గొంతు మార్చుకుంటుంది. మూడూ ఒకే కుదురువి కావాలి. మా సెట్టు నమూనా తయారీ ఆగి చాలా ఏళ్లయింది. ఒక దుకాణంవారు మూడూ మార్చమన్నారు. చివరకు హైదరాబాదు కోఠీలో ఒక మరమ్మతుదారు అదే శంకువుకు కొత్త తీగచుట్ట అమర్చి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి బిగించాక టేపుతో దూరం కొలిచి, మూడు స్పీకర్ల హెచ్చుతగ్గులూ సరిచేశాను. నా స్థానంలో గాక అమ్మగారి కుర్చీలో కూర్చుని మధ్య స్పీకరును ఒక మెట్టు హెచ్చించాను. చిత్రం మళ్లీ మొదటినుంచి పెట్టవలసి వచ్చింది. పావుగంట గడిచాక ఆమె, “ఈ పిల్లవాడు ఇంత గట్టిగా అరవడమెందుకురా, కాస్త తగ్గించు” అన్నారు.