పదముల వేలము: గూగుల్ విస్తరణమును, సిద్దిపేట మగ్గమును

తన సరకును గూర్చి పదిమందికి తెలియజెప్పుట వర్తకునకు అంగడి పుట్టిన నాటి నుండియు ఉన్న పనియే. పల్లెలో డప్పు చాటింపు, పట్టణములో గోడవ్రాత, సినిమా హాలులో స్లయిడు, పత్రికలో ప్రకటన - సాధనములు మారినవే గాని పద్ధతి మారలేదు. చాటువాడు అందరికిని చాటును. వినువారిలో కొనదలచినవాడెవడో వర్తకునకు తెలియదు. 1967లో వివిధభారతిలో వాణిజ్య ప్రసారములు మొదలైనప్పుడును ఈ పద్ధతియే సాగినది. గడచిన పాతికేండ్లలో ఈ క్రమము తలక్రిందులైనది. ఇప్పుడు కొనదలచినవాడే ముందుగా నోరు విప్పి, తనకేమి కావలెనో ఒక యంత్రమునకు చెప్పుచున్నాడు. ఆ యంత్రపు యజమాని ఆ మాటను వర్తకుల నడుమ వేలము వేయుచున్నాడు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో, సిద్దిపేట వంటి నేతపట్టణమునకు దానివలన కలుగు మేలు కీడు లెట్టివో నేడు మనము విచారింతము.

సిద్దిపేట హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, కరీంనగరు పోవు రాజీవ్ రహదారిపై నున్నది. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది. 2023 అక్టోబరులో దానికి రైలు వచ్చినది. రైలు రాకముందే ఈ పట్టణపు పేరును దూరప్రాంతములకు మోసికొని పోయినది గొల్లభామ చీర. నెత్తిన కుండ పెట్టుకొని నిలిచిన గొల్లపడుచు బొమ్మను అచ్చు వేయక, సూదితో కుట్టక, మగ్గము మీదనే అదనపు పేకతో నేసి తీయుట ఇచ్చటి నేతగాండ్ర పనితనము. 2012లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా, ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందునని చట్టము ఒప్పుకొన్నది. కాని కొనువాడు నేడు ఆ పేరును మొట్టమొదట పలుకునది దుకాణదారుని యెదుట కాదు. తన చేతిలోని ఫోనులో. అచ్చట ఆ పేరునకు ఏమి జరుగుచున్నదో తెలియవలెనన్నచో గూగుల్ కథ కొంత తెలియవలెను.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధకులుగా నున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు యువకులు 1996 ప్రాంతమున ఇంటర్నెట్ పుటలను వెదకు యంత్రము నొకదానిని నిర్మింప మొదలిడిరి. పండితలోకమున ఒక గ్రంథమును ఎంతమంది పెద్దలు ఉదాహరింతురో దానికంత ప్రామాణ్యము. అట్లే ఒక పుటను ఎన్ని మంచి పుటలు చూపుచున్నవో లెక్కించి దాని స్థానమును నిర్ణయించుట వారి ఉపాయము. 1998 సెప్టెంబరులో వారు సంస్థను స్థాపించిరి. ఆ యేటనే వారు ప్రకటించిన పరిశోధనపత్రములో ఒక విశేషము కలదు. ప్రకటనల ధనముపై బ్రతుకు వెదకుయంత్రము సహజముగా ప్రకటనకర్తల వైపు మొగ్గుననియు, వెదకువారి మేలునకు ఎడమగుననియు వారే శంకించిరి. మూడేండ్లు నిండకముందే ఆ సంస్థ తానే ప్రకటనల వ్యాపారములో దిగినది. 2000 అక్టోబరు 23న యాడ్‌వర్డ్స్ అను పథకము 350 మంది ప్రకటనకర్తలతో ఆరంభమైనది.

మొదట ప్రకటనను వేయిసార్లు చూపినచో ఇంత యని ధర యుండెను. నొక్కినప్పుడే చెల్లింపు, పదమునకు వేలము అను పద్ధతిని 1998లో బిల్ గ్రాస్ నడపిన గోటూ అను సంస్థ వాడుకలోనికి తెచ్చినది. గూగుల్ 2002లో దానిని స్వీకరించి ఒక మెలిక చేర్చినది. ఎక్కువ పాడినవానికే పైచోటు దొరకదు. అతని ప్రకటనను జనులు ఎంత తరచుగా నొక్కుచున్నారన్నదియు లెక్కకు వచ్చును. మన వ్యవసాయ మార్కెట్ యార్డులతో పోల్చినచో విషయము సులభముగా బోధపడును. యార్డులో అమ్మకమునకు వచ్చునది రైతు కుప్ప. పాట పాడువారు కొనుగోలుదారులు. గూగుల్ యార్డులో అమ్మకమునకు వచ్చునది వెదకువాని ఒక క్షణపు దృష్టి. పాట పాడువారు వర్తకులు. ఒకడు ఫోనులో 'చేనేత చీర' అని వ్రాసిన క్షణముననే వేలము మొదలై, రెప్పపాటులో ముగిసిపోవును. పెద్ద కంపెనీయు, నాలుగు మగ్గముల యజమానియు ఒకే పాటలో పాల్గొనవచ్చును. చరిత్రలో ఇది చిన్న వర్తకునకు క్రొత్తగా దొరకిన అవకాశమే.

వేలము కుదిరిన పిమ్మట సంస్థ విస్తరణము ఆరంభమైనది. క్రొత్త వస్తువులను గూగుల్ ఒకదాని వెంట నొకటి తెచ్చిన క్రమమును చూచినచో, వర్తకుడు వేయగల ప్రశ్నలకన్నిటికిని వరుసగా జవాబులు సిద్ధము చేసినట్లు కానవచ్చును. ఇతరుల పుటలలో నా ప్రకటన యెట్లు పడును? దానికి 2003లో యాడ్‌సెన్స్. నా దుకాణము ఎచ్చట నున్నదో జనులకు ఎట్లు తెలియును? 2005లో మ్యాప్స్. వచ్చినవారు ఏమి చూచిరి, ఎచ్చట వెనుదిరిగిరి? ఆ యేటనే అనలిటిక్స్. నా సరకును కదలు బొమ్మగా చూపుట యెట్లు? 2006లో 165 కోట్ల డాలర్ల విలువకు కొన్న యూట్యూబ్. పత్రికలు, ప్రకటనకర్తలు కలిసికొను పెద్ద విపణి యేది? 2007లో 310 కోట్ల డాలర్లకు బేరము కుదిరి, 2008లో చేతికి వచ్చిన డబుల్‌క్లిక్. కొనువాడు యంత్రము ముందు కూర్చుండక వీధిలో నడచుచున్నచో? 2008లో విపణికి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోను. వెదకుటకు పూర్వమే అతడు తెరచు తలుపేది? ఆ యేటనే క్రోమ్. పది పండ్రెండేండ్లలో కొనువాని కోరిక మొదలు చెల్లింపు వరకు గల దారి పొడవునను ఒకే సంస్థ మజిలీలు కట్టుకొన్నది.

ఈ దారి తెలుగునేలకు వచ్చిన క్రమమును గూడ స్మరింతము. గూగుల్ 2004లోనే హైదరాబాదులో కార్యాలయము తెరచినది. కాని సంస్థ హైదరాబాదునకు వచ్చినంత శీఘ్రముగా దాని అంగడికి తెలుగు రాలేదు. అనువాద యంత్రములో తెలుగు 2011లో చేరినది. 2017 సెప్టెంబరులో తేజ్ అను పేర వచ్చిన చెల్లింపు సాధనము (మరుసటి యేడు గూగుల్ పే యైనది) ఆరంభము నుండియు తెలుగులో పనిచేసినది. ప్రకటనల పథకములలో తెలుగునకు చోటు దొరకినది 2018 ఏప్రిలులో. అంతవరకు తెలుగు పుటలు నడపువారికి ఆ పథకము ద్వారా రాబడి పొందు సక్రమమైన మార్గము లేకుండెను. 2024 జూనులో జెమిని అను కృత్రిమ మేధ సాధనము తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలలో మన దేశమునకు వచ్చినది. ఏండ్ల తరబడి హిందీ, ఇంగ్లీషుల వెనుక వేచియున్న వర్తకభాష తొలుత వేలములోను, పిదప సంభాషణలోను ప్రవేశించినదన్నమాట.

ఇందువలన కలిగిన మేలును తక్కువ చేయరాదు. మునుపు సిద్దిపేట నేతగాడు తన చీరను మాస్టరు వీవరునకో, సహకార సంఘమునకో అప్పగించుటతో అతని ఎరుక ముగిసెడిది. ఆ చీర ఎవరు కట్టిరో, ఎంతకు కొనిరో అతనికి తెలియదు. ఇప్పుడు మ్యాప్స్‌లో తన మగ్గమున్న చోటును ఉచితముగా నమోదు చేసికొనవచ్చును. గొల్లభామ బొమ్మ ఒక్కొక్క పోగుగా లేచివచ్చు తీరును చలనచిత్రముగా తీసి లోకమునకు చూపవచ్చును. అచ్చు వేసిన బొమ్మకును, నేసిన బొమ్మకును గల భేదమును మాటలలో చెప్పుట కష్టము. చీర తిరుగవేసి చూపినచో ఒక్క క్షణములో తెలియును. అమెరికాలోని తెలుగు ఇల్లాలు దానిని చూచి, నేరుగా ఆ మగ్గమునకే కబురు పంపవచ్చును.

కాని ఈ మేలు నిలిచియున్నది పరాయి స్థలముపైన. ఈ విషయమున చరిత్ర కొన్ని పాఠములు చెప్పుచున్నది. 2002లో గూగుల్ సరకుల వెదుకులాటకు ఫ్రూగల్ అను ఉచిత అంగడిని తెరచినది. 2012లో అమెరికాలో ఆ అంగడియందు చోటునకు వెల కట్టినది. 2020లో మరల ఉచితముగా చోటిచ్చినది. వీథి అదియే, అద్దె మాత్రము యజమాని యిష్టము. చిన్న దుకాణదారులకు ఉచితముగా కట్టియిచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో మూసివేసినది. వర్తకుల పుటలకు వచ్చిపోవువారిని లెక్కించిన పాత అనలిటిక్స్ పద్ధతిని 2023 జూలైలో నిలిపి, 2024 జూలై నుండి ఆ పాత లెక్కలను చూచు వీలును తొలగించినది. ఏండ్ల తరబడి పేర్చుకొన్న ఖాతాపుస్తకమును మరియొకరి బీరువాలో దాచినవాని స్థితి యిట్టిదే.

రెండవ చిక్కు పేరును గూర్చినది. వేలములో నిలుచునది పదము. ఆ పదము ఎవరిదని వేలము అడుగదు, పడుగు పేకలను పరీక్షింపదు. ఒక సంస్థ పేరుపై దాని పోటీదారు పాట పాడవచ్చునా యను వివాదము మన దేశమునను పుట్టినది. భారత్ మాట్రిమొనీ సంస్థ, వినియోగదారుల సంఘమగు కట్స్ చేసిన ఫిర్యాదులపై విచారించి, భారత పోటీ కమిషను 2018 ఫిబ్రవరిలో వెదుకులాటలో పక్షపాతమునకు గూగుల్‌పై 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించినది. గూగుల్ అప్పీలునకు పోయినది. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ పేర వ్యాపారము చేయు డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ వ్యాజ్యములో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టు 10న ముఖ్యమైన తీర్పు చెప్పినది. ఒకరి వ్యాపారచిహ్నమును ప్రకటనలకు కీలకపదముగా అమ్ముటయు ఆ చిహ్నమును వాడుటయే యనియు, గూగుల్ ఊరక చూచుచుండు మధ్యవర్తి కాదనియు దాని సారాంశము. అయితే కొనువారికి భ్రాంతి కలుగనిచో అంతమాత్రమున అది అతిక్రమణము కాదనియు న్యాయస్థానము స్పష్టము చేసినది.

పెద్ద సంస్థలకు న్యాయవాదులు కలరు. గొల్లభామ యను పేరు ఒక కంపెనీ సొత్తు కాదు. ఒక ప్రాంతపు నేతగాండ్ర ఉమ్మడి సొత్తు. ఉమ్మడి పొలమునకు కాపలా కాయువాడెవడను ప్రశ్న ఎప్పుడును ఉన్నదే. ఆ పదముపై ఎక్కువ సొమ్ము పాడగలిగినవాడు మరమగ్గపు గుడ్డనో, అచ్చుబొమ్మనో అమ్మువాడైనచో, నిజమైన నేత తన పేరుతోనే తాను పోటీపడవలసిన దురవస్థ కలుగును.

మూడవది, వేలము నడపువాని నిష్పాక్షికత. యార్డులో కొనువాని తరఫు దలాలి, అమ్మువాని తరఫు అడ్తిదారు, యార్డు యజమాని ముగ్గురును ఒక్కడే యైనచో రైతు ఏమనును? అమెరికా న్యాయస్థానములు విచారించినది ఇదియే. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా, వెదకుయంత్రపు రంగమున గూగుల్ అక్రమముగా గుత్తాధిపత్యమును నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను. 2025 ఏప్రిలులో న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా, పుటల యజమానులు ప్రకటనలు అమ్ము సాధనములందును, ప్రకటనల విపణియందును అట్టి అక్రమమే కలదని తేల్చెను. 2024లో మాతృసంస్థయగు ఆల్ఫాబెట్ రాబడి సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందులో నాలుగింట మూడు వంతులు ప్రకటనల నుండి వచ్చినవే. 1998లో ఆ యువకులు వెలిబుచ్చిన శంక ఎంత దూరదృష్టి గలదో ఈ లెక్క చెప్పుచున్నది.

ఇక 2024 నుండి వెదకుయంత్రము పుటల జాబితాకు పైన తానే జవాబు కూర్చి చెప్పుచున్నది. జవాబు అచ్చటనే దొరకినవాడు వర్తకుని పుటకు పోవుట యెందులకు? కాబట్టి ఆ జవాబులో గొల్లభామను గూర్చి సత్యమే యుండవలెనన్నచో, ఆ సత్యము తెలుగులో, ఇంగ్లీషులో స్పష్టముగా వ్రాయబడి ఎచ్చటనో ఉండవలెను. వ్రాయనిదానిని యంత్రము చదువలేదు.

మేము చెప్పదలచినది ఈ సాధనములను విడువుమని కాదు. వీధిలో అందరును దీపము పెట్టుకొన్నప్పుడు మన దుకాణము చీకటిలో నుండనేల? వాడుకొనవలసినదే. కాని కొన్న వారి పేర్లు, చిరునామాలు, లెక్కలు సంఘము తన సొంత పుస్తకములో వ్రాసికొనవలెను. సొంత పేరున వెబ్‌సైటు నుంచుకొనవలెను. చీరపై భౌగోళిక గుర్తింపు చిహ్నము, నేసినవాని గుర్తు విధిగా ఉండవలెను. పేరును కాపాడు పని ఒక్కొక్క నేతగానికి వదలక, సంఘములును ప్రభుత్వ చేనేత శాఖయు కలిసి చేపట్టవలెను. చాటింపు కాలములో డప్పు ఎవరిదైనను, చాటిన పేరు సిద్దిపేటదే. వేలము కాలములో ఆ పేరును కూడ మనము కాచుకొనవలసియున్నది.